ముందు ఎఫ్‌ఐఆర్‌లో ఎవరి పేరు రాశారో చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. పోలీసుల చేతిలో మనిషి చనిపోయినా, స్టేషన్‌లో దెబ్బలు తిన్నా, పార్టీల గొడవల్లో ఇల్లు కాలినా జవాబు చెప్పాల్సింది ఎవరు, చెప్పించేది ఎలా అని. అందుకే ఆస్తి పంపకాలు, విడాకుల ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను, ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మాది షాద్‌నగర్ పక్కన ఒక ఊరు, నేను టీచర్‌ని. 2019 డిసెంబర్ 6 పొద్దున్నే చటాన్‌పల్లి దగ్గర డాక్టరమ్మాయి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారని తెలియగానే మేమంతా అక్కడికి పరిగెత్తాం. పోలీసుల మీద పూలు చల్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ డాక్టరమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. మొన్న ఇంటర్ చదివే మా అబ్బాయి "అమ్మా, ఆ నలుగురే చేశారని కోర్టు చెప్పిందా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. నేను చేసింది తప్పా?

జవాబు: అమ్మా, మీ కోపం తప్పు కాదు. ఆ వారం రోజులూ మా ఇంట్లోనూ ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు, మా అమ్మాయి హాస్టల్ నుంచి రాత్రి ఏడు దాటాక ఫోన్ చేయకపోతే నాకు టెన్షన్ వచ్చేసేది. కానీ మీవాడు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు ఒకటే. లేదు, కోర్టు చెప్పలేదు. నిందితులు చనిపోయారు కాబట్టి వాళ్ల మీద విచారణే జరగలేదు, ఇక ఎప్పటికీ జరగదు. ఆ రాత్రి నిజంగా ఏం జరిగింది, ఎవరి పాత్ర ఎంత, ఇంకెవరైనా ఉన్నారా అనేది సాక్ష్యాలతో తేలే అవకాశం ఆ పొద్దున్నే పోయింది. నష్టపోయిన కుటుంబానికి కూడా ఆ నిజం దక్కలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా మీవాడికి చెప్పండి. నేరం ఎలా జరిగిందో అక్కడే చూపించడానికి (సీన్ రీకన్‌స్ట్రక్షన్) తీసుకెళ్తే నిందితులు మట్టి చల్లి, పిస్తోళ్లు లాక్కుని కాల్చారని, ఆత్మరక్షణకే తాము కాల్చామని పోలీసులు చెప్పారు. వారం తిరక్కుండానే, డిసెంబర్ 12న, సుప్రీంకోర్టు తన రిటైర్డ్ జడ్జి జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. 2022 జనవరిలో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. ఆయుధాలు లాక్కున్నారన్న మాట నమ్మేలా లేదని, చనిపోవాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అందులో రాసింది. ఇంకో మాట కూడా ఉంది, అది చదివినప్పుడు నేను కాసేపు ఫైల్ మూసేసి కూర్చున్నాను. ఆ నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లు. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఆ నివేదికను బయటపెట్టి, తదుపరి చర్యల కోసం వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

కమిషన్ నివేదిక అంటే తీర్పు కాదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ పది మందీ నేరం చేశారని నేను ఇక్కడ రాయడం లేదు, రాయకూడదు కూడా. లాయర్‌ని పెట్టుకుని, సాక్షులను ప్రశ్నించి, తమ మాట కోర్టులో చెప్పుకునే హక్కు వాళ్లకు ఉంది. చటాన్‌పల్లిలో చనిపోయిన వాళ్లకూ ఆ హక్కే ఉండింది.

ఇక్కడ మన రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి నడిచిన ఒక పద్ధతి చెబుతాను, మిగతా ప్రశ్నలన్నిటికీ ఇదే మూలం కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, లేకుండా ఉండదు. కానీ ఎవరి మీద? చనిపోయినవాళ్ల మీద. ఫిర్యాదుదారు పోలీసు అధికారి, నేరం పోలీసులపై హత్యాయత్నం, ముద్దాయి శవం. ముద్దాయి చనిపోయాడు కనుక కేసు మూసేస్తున్నాం అని ఒక చివరి రిపోర్టు. ఆ కాగితాల్లో ఒక మనిషి ప్రాణం పోయిందన్న సంగతి నేరంగా ఎక్కడా నమోదు కాదు, ఏ తుపాకీ నుంచి వచ్చిన గుండుకు ఎవరు చనిపోయారో రాయాల్సిన అవసరం ఎవరికీ రాదు.

దీని మీదే ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కాల్చినవాళ్ల మీద ఎఫ్‌ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణ అన్నది వాళ్లు కోర్టులో నిరూపించుకోవాలి. మామూలు మనిషి తన పొలం గట్టు మీద దాడి చేసినవాణ్ని ఆత్మరక్షణలో చంపినా ముందు కేసు కడతారు, తర్వాతే వాదన వింటారు కదా, పోలీసుకైనా అంతే. పోలీసు అధికారుల సంఘం వెంటనే సుప్రీంకోర్టుకు వెళ్తే ఆ తీర్పు ఆగిపోయింది. చివరికి 2014 సెప్టెంబర్ 23న ముంబై ఎన్‌కౌంటర్ల మీద పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ 16 నిబంధనలు పెట్టింది. ఎఫ్‌ఐఆర్ ఉండాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ టీమ్ గానీ చేయాలి. పోస్ట్‌మార్టం జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. కాల్చిన ఆయుధాలు దర్యాప్తుకు అప్పగించాలి. అనుమానాలన్నీ తీరేదాకా ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. ఇవి పాటించలేదనిపిస్తే చనిపోయినవారి కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు.

ఆ తీర్పు వచ్చి ఏడు నెలలు తిరక్కుండానే 2015 ఏప్రిల్ 7 వచ్చింది. ఒక్క రోజే రెండు ఎన్‌కౌంటర్లు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు 20 మంది, అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. అదే రోజు ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు వ్యాన్‌లోనే. ఆ ఫొటోల్లో చనిపోయినవాళ్ల చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి.

వరంగల్ ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొకటి. 2008 డిసెంబర్‌లో అక్కడ యాసిడ్ దాడి కేసులో ముగ్గురు నిందితులను ఇలాగే కాల్చేసినప్పుడు కూడా పండగ చేసుకున్నాం. "ఇక ఏ ఆడపిల్ల జోలికీ ఎవడూ పోడు" అన్నారు. పదకొండేళ్ల తర్వాత షాద్‌నగర్ అయింది. ఎన్‌కౌంటర్‌తో ఆడపిల్లలకు రక్షణ వచ్చి ఉంటే మీరు రెండోసారి పూలు చల్లాల్సిన పని పడేది కాదు కదా.

మీవాడితో ఇదంతా మాట్లాడండి. పూలు చల్లినందుకు మీరు కుంగిపోవక్కర్లేదు, కానీ వాడు అడిగినప్పుడు మాట మార్చకండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం జిల్లా. 2007 జూలై 28న ముదిగొండలో కాల్పులు జరిగినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఏడుగురు చనిపోయారు. గుంపు మీద కాల్చమని అసలు ఎవరు చెప్పాలి? ముందు గాల్లోకి కాల్చాలని రూల్ ఉందా? కమిషన్లు వేస్తారు, అవి ఏమవుతాయి?

జవాబు: ఎన్‌కౌంటర్‌కీ గుంపు మీద కాల్పులకీ చట్టం వేరు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 129 నుంచి 132 వరకు, దాని స్థానంలో 2024 జూలై నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 148 నుంచి 151 వరకు ఉన్న సెక్షన్లు దీనికి. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (తహసీల్దార్ లాంటి అధికారి) గానీ, స్టేషన్ ఇన్‌చార్జ్ గానీ, ఆయన లేనప్పుడు ఎస్సై హోదాకు తగ్గని అధికారి గానీ ముందు వెళ్లిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. కదలకపోతేనే బలప్రయోగం. అదీ చెదరగొట్టడానికి ఎంత అవసరమో అంతే. లాఠీ, టియర్ గ్యాస్, ఆ తర్వాతే తుపాకీ. గాల్లోకి కాల్చడం మంచి పద్ధతి అని మనం అనుకుంటాం గానీ, ఆ గుండు ఎక్కడో మేడ మీద నిలబడి చూస్తున్నవాళ్లకు తగలొచ్చు కాబట్టి అది సరైన పద్ధతి కాదు. గురి కిందికి ఉండాలి, గుంపు చెదరగానే ఆపేయాలి. పారిపోతున్నవాడి వీపులో గుండు దిగిందంటే ఇక చెదరగొట్టడం అన్న మాటకు అర్థం లేదు.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ గుర్తుందా? కరెంటు చార్జీలు తగ్గించమని అసెంబ్లీ వైపు వెళ్తున్న జనం మీద కాల్పులు, మూడు ప్రాణాలు. తర్వాత ముదిగొండలో ఇళ్ల స్థలాలు, భూముల కోసం. 2010 జూలైలో సోంపేటలో బీల (చిత్తడి) భూముల కోసం, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో, రెండు చోట్లా థర్మల్ ప్లాంట్ వద్దన్నందుకు. అప్పుడున్న ప్రభుత్వాలు ఒకే పార్టీవి కావు, గమనించండి. ప్రతిసారీ అధికారంలో ఉన్నవాళ్లు "గుంపు అదుపు తప్పింది" అన్నారు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు శవయాత్రలో ముందు నడిచారు. కుర్చీలు మారాక మాటలూ మారాయి.

కమిషన్ సంగతి. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసే ఏ కమిషనైనా సిఫారసు మాత్రమే చేస్తుంది, ఎవరినీ శిక్షించలేదు. కానీ అదే చట్టంలో చాలామందికి తెలియని మాట ఒకటుంది. నివేదిక అందిన ఆరు నెలల్లో, తీసుకున్న చర్యల వివరంతో కలిపి ప్రభుత్వం దాన్ని శాసనసభ ముందు పెట్టాలి. మీ ఎమ్మెల్యేను ఇది అడగండి. ఏ తేదీన సభలో పెట్టారు, చర్యల కాలమ్‌లో ఏం రాశారు అని సమాచార హక్కు కింద దరఖాస్తు చేయండి. తమిళనాడులో తూత్తుకుడి కాల్పులు మీరు వినే ఉంటారు, 2018 మేలో 13 మంది పోయారు. అక్కడ జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్ ఏ అధికారి పాత్ర ఏమిటో విడివిడిగా రాసి చర్యలు సిఫారసు చేసింది. కనీసం పేర్లన్నా కాగితం మీదికి వచ్చాయి.

మన దగ్గర 1977లోనే ఒక పాఠం ఉంది. ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్ల మీద జస్టిస్ తార్కుండే నిజనిర్ధారణ కమిటీ ఊరూరా తిరిగి సాక్ష్యాలు సేకరించాక, జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. గిరాయిపల్లి అడవుల్లో 1975లో చనిపోయిన విద్యార్థుల గురించి బహిరంగంగా సాక్షులు చెబుతుంటే, పోలీసుల కథ నిలబడటం కష్టమవుతుంటే, ఇక మూసిన తలుపుల వెనక విచారణ చేయాలని ప్రభుత్వం పట్టుబట్టింది. పౌరహక్కుల లాయర్ కన్నబిరాన్ గారు, కమిటీ వాళ్లు అందులో ఉండలేక బయటికి వచ్చేశారు. అందుకే కమిషన్ వేశామని ఏ ప్రభుత్వం చెప్పినా నేను మొదట అడిగేది విచారణ బహిరంగమా కాదా అనే.

మీ ప్రశ్నలో అడగని దాన్ని ఒకటి కలుపుతాను. కాల్పులు జరిగిన చోట ఎవరైనా లాయర్, విలేకరి, ఊరి పెద్ద ఉంటే ఆ రోజే పట్టుకోవాల్సింది ఆయుధాల రిజిస్టర్. ఎవరికి ఏ తుపాకీ ఇచ్చారు, ఎన్ని రౌండ్లు ఇచ్చారు, ఎన్ని తిరిగి వచ్చాయి. ఆ లెక్క ఉంటే "ఎవరు కాల్చారో తెలియదు" అన్న మాట నడవదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి 22 ఏళ్లు, సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు. దొంగతనం అనుమానంతో మూడు రోజులు స్టేషన్‌లో పెట్టారు. అరెస్టు అని ఎక్కడా రాయలేదు. అరికాళ్ల మీద కొట్టారు, నడవలేకపోతున్నాడు. నిన్న రాత్రి ఇంటికి పంపేసి, ఎక్కడైనా నోరు విప్పితే గంజాయి కేసు పెడతామన్నారు. భయంగా ఉంది. వాడు వద్దంటున్నాడు.

జవాబు: తల్లీ, మీ ఉత్తరం చేరిన రోజే మీరిచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. మీలాంటి పరిస్థితి వేరే ఇంట్లో కూడా రావచ్చు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

మొదటి పని ఆసుపత్రి. ప్రైవేటు క్లినిక్ కాదు, ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుకు సంబంధించిన గాయంగా రాయమనండి. డాక్టర్ "ఎలా తగిలింది" అని అడిగినప్పుడు జారిపడ్డాడని చెప్పకండి, భయంతో చాలామంది ఇదే చెప్తారు, తర్వాత ఆ ఒక్క వాక్యం కేసును చంపేస్తుంది. ఎవరు, ఎక్కడ, దేంతో కొట్టారో చెప్పండి, రాయించండి. పాదాల ఫొటోలు, ఎక్స్‌రే, బట్టలు ఉతక్కుండా దాచడం. మూడు రోజులు ఆగితే వాపు తగ్గుతుంది, వారం ఆగితే కమిలిన మచ్చలు పోతాయి, తర్వాత మీ మాటకు వాళ్ల మాట అడ్డు తప్ప ఏమీ మిగలదు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్‌లో సీఐడీ అరెస్టు చేసిన ఒక ఎంపీ తనను కస్టడీలో కొట్టారని చెప్పినప్పుడు సుప్రీంకోర్టు ఆయన్ని సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రికి పంపి పరీక్షలు చేయించింది. ఎంపీకి అంత పెద్ద లాయర్లుంటారు, మనకు ఉండరు. కానీ ఆ కేసు మొత్తం నిలబడింది ఒక డాక్టర్ రాసిన కాగితం మీద. ఆ కాగితం జిల్లా ఆసుపత్రిలో మీకూ దొరుకుతుంది.

రెండోది సీసీ కెమెరా. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది సహా కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు, పరికరాల వల్ల కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫుటేజీ చెరపకుండా ఉంచాలని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఇవాళే రాయండి. కెమెరా పాడైందని జవాబిస్తే ఆ జవాబు కూడా కోర్టులో పనికొస్తుంది.

మూడోది కేసు. పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ (కాగ్నిజబుల్) నేరం జరిగిందని ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టడం తప్పనిసరి అని 2013లో లలితాకుమారి కేసులో ఐదుగురు జడ్జీలు చెప్పారు. అదే స్టేషన్‌కు పోనక్కర్లేదు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. తీసుకోకపోతే ఎస్పీకి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్‌కి బీఎన్‌ఎస్‌ఎస్ 175 కింద అఫిడవిట్‌తో. ఇక్కడ కొత్త చట్టం ఒక మెలిక పెట్టింది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదైతే మేజిస్ట్రేట్ ముందు పైఅధికారి నివేదిక తెప్పించుకోవాలి, ఆ ఉద్యోగి చెప్పేది కూడా చూడాలి. ఆలస్యం అవుతుంది, నిరాశపడకండి. ఇంకోవైపు ఒక మేలూ జరిగింది. ప్రభుత్వోద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి కదా, ఆ అనుమతి మీద 120 రోజుల్లో నిర్ణయం తీసుకోకపోతే ఇచ్చినట్టే లెక్క. ఏళ్ల తరబడి ఫైలు మీద కూర్చునే రోజులు కాగితం మీదైనా పోయాయి.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. లాయర్ ఫీజు గురించి దిగులొద్దు, మహిళ ఎవరైనా ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయర్‌ని పొందొచ్చు, 15100కి ఫోన్ చేస్తే చాలు. దరఖాస్తు మీ పేరుతోనే పెట్టండి, మీ అబ్బాయి భయం తగ్గేదాకా మీరు ముందుండండి.

గంజాయి కేసు బెదిరింపు గురించి. ఆ బెదిరింపును కూడా ఫిర్యాదులో రాయండి, తేదీతో, అన్న మాటలతో. ముందే రాసి ఉంటే తర్వాత అలాంటి కేసు పెట్టినా దాని విలువ ఎంతో జడ్జికి అర్థమవుతుంది. ఇంకా ఎవరినైనా అరెస్టు చూపకుండా స్టేషన్‌లో ఉంచితే 24 గంటలు దాటకముందే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) కోసం లాయర్‌తో మాట్లాడండి. మనిషి లోపల ఉన్నప్పుడు చేసే పిటిషన్‌కు ఉండే బలం బయటికొచ్చాక వేరే ఏదానికీ ఉండదు.

ప్రశ్న: అక్కా, మా ఆయన ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్. పైనుంచి చెప్పినట్టు చేయకపోతే సస్పెన్షన్, చేస్తే రేపు కేసు. ఏదైనా జరిగితే ఇరుక్కునేది మా ఆయనే కదా? పెద్దసార్లు తప్పించుకుంటారు.

జవాబు: చెల్లీ, ఈ ఉత్తరం రాసినందుకు నిజంగా నీకు థాంక్స్. ఈ విషయం మీద రాసేవాళ్లెవరూ మీ ఇంటి గుమ్మం దాకా రారు.

గుంపును చెదరగొట్టేటప్పుడు, తాను పాటించి తీరాల్సిన ఆజ్ఞను నిజాయితీగా పాటించిన కిందిస్థాయి ఉద్యోగికి చట్టం రక్షణ ఇస్తుంది. కానీ పట్టుకున్న మనిషిని చంపమనడం అలాంటి ఆజ్ఞ కాదు. 2011 మేలో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు, పైఅధికారి చెప్పాడు కాబట్టి బూటకపు ఎన్‌కౌంటర్‌లో కాల్చాను అంటే ఒప్పుకునేది లేదని, అది మామూలు హత్య కన్నా తీవ్రమైనదని చెప్పింది. చటాన్‌పల్లి నివేదికలో విచారించాలన్న పది మందిలో కానిస్టేబుళ్లూ ఉన్నారు. కాబట్టి నీ భయం ఊహ కాదు.

మీ ఆయనకు చెప్పు. నోటిమాట ఆజ్ఞ వస్తే జనరల్ డైరీలో ఎంట్రీ అడగాలి. ఆయుధం తీసుకున్నప్పుడు, ఇచ్చేటప్పుడు సంతకం, టైమ్ తప్పనిసరి. కాల్పులు జరిగితే తనెక్కడ నిలబడ్డాడు, ఎన్ని రౌండ్లు కాల్చాడు లేదా కాల్చలేదు అన్నది ఆ రోజే సొంత మాటల్లో రాసి ఉంచుకోవాలి, అందరి స్టేట్‌మెంట్లూ ఒకే పెన్నుతో ఒకే మాటల్లో వస్తే కోర్టులో కూలేది ఆ స్టేట్‌మెంట్లే. ఖైదీ మీద చేయి వేయమంటే వేయకపోవడానికి చట్టం అతని పక్కనే ఉంది. సస్పెన్షన్ వస్తే హైకోర్టుకు వెళ్లొచ్చు, కష్టమే, ఇంట్లో జీతం ఆగడం అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా హత్య కేసులో ముద్దాయిగా నిలబడటం కంటే అది దాటగలిగే కష్టం.

ప్రశ్న: మేము పల్నాడు జిల్లా వాళ్లం. 2024 ఎన్నికలప్పుడు మా ఇంటి మీద దాడి చేసి బండి తగలబెట్టారు. మేము ఏ పార్టీయో రాయను, రాస్తే మీరు కూడా ఒక వైపు చూస్తారేమో. ఇప్పుడు రెండు వైపులా కేసులు ఎత్తేస్తారని ఊళ్లో అంటున్నారు. సర్దుకుపోండి అని పెద్దమనుషులు వస్తున్నారు.

జవాబు: మీరు ఏ పార్టీయో నాకు అక్కర్లేదు, చెప్పకపోవడమే మంచిది. పోలింగ్ రోజు, ఆ తర్వాతి రోజుల్లో మీ జిల్లాలో జరిగింది దేశమంతా టీవీల్లో చూసింది. అప్పుడు ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, తిరుపతి ఎస్పీని బదిలీ చేసింది, పల్నాడు కలెక్టర్‌ని మార్చింది, ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేయించింది. మంచిదే. కానీ సస్పెన్షన్, బదిలీ అనేవి శిక్షలు కావు. తగలబెట్టినవాడికి శిక్ష కోర్టులో మీ సాక్ష్యంతో పడాలి.

కేసులు ఎత్తేయడం మన రెండు రాష్ట్రాల్లోనూ పాత జబ్బు. ప్రభుత్వం మారగానే "రాజకీయ ప్రేరేపిత కేసులు" అని ఒక జాబితా తయారవుతుంది, అందులో రాస్తారోకో కేసులతో పాటు తలలు పగలగొట్టిన కేసులూ కలిసిపోతాయి. నాకు ఇందులో చాలా కోపం ఉంది, దాచుకోను. ధర్నాలో కూర్చున్నవాడి మీద కేసు ఎత్తేయడం న్యాయమే. ఇల్లు తగలబెట్టినవాడిది ఎత్తేయడం అంటే వచ్చే ఎన్నికలకు అతన్ని సిద్ధం చేయడమే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది చెబుతాను. జీవో వచ్చినంత మాత్రాన కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ సొంతంగా ఆలోచించి పిటిషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. కొత్త చట్టంలో 360 సెక్షన్ ఇంకో అడుగు వేసింది. బాధితుడికి మాట్లాడే అవకాశం ఇవ్వకుండా కోర్టు ఉపసంహరణకు అనుమతించకూడదు. అంటే మీ అభ్యంతరం వినాలి. ముద్దాయిల్లో ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ, మాజీలైనా సరే, ఉంటే 2021 ఆగస్టు 10 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదు. కేసు నంబర్ పట్టుకుని నెలకోసారి ఆన్‌లైన్‌లో చూసుకోండి, పిటిషన్ వేసిన రోజే మీకు తెలియాలి.

రెండో చిక్కు కౌంటర్ కేసు. దాడి తిన్నవాళ్ల మీద కూడా ఇంకో కేసు కట్టి, రెండూ కలిపి రాజీ చేయించడం. దానికే మీ దగ్గరికి పెద్దమనుషులు వస్తున్నారు. కాలిన బండి ఇన్సూరెన్స్ కాగితం, అప్పుడే తీసిన వీడియో, ఆసుపత్రి చీటీలు ఉంటే మీ కేసు వేరు, ఆ కేసు వేరు అని నిలబడొచ్చు. బెదిరింపులుంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టండి, దానికి జిల్లా జడ్జి అధ్యక్షులు. అసలు అలాంటిది ఉందన్న సంగతే చాలామంది లాయర్లు చెప్పరు.

ఆలస్యం అవుతుందని మీకు ముందే చెప్పడం నా బాధ్యత. చుండూరు తీసుకోండి. 1991 ఆగస్టు 6న పట్టపగలు ఎనిమిది మంది దళితులను వెంటపడి చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికే బాధితులు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది, 2007 జూలైలో 21 మందికి యావజ్జీవం పడింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇది రాస్తుంటే చేయి బరువెక్కుతోంది. కానీ ఆ బాధితులు సాక్ష్యం మార్చకుండా నిలబడ్డారు కాబట్టే ఆ పేరు ఇప్పటికీ మనకు తెలుసు. మీరు సర్దుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం, పిల్లల భద్రత మీకే తెలుస్తుంది. డబ్బు చూపించి సంతకం అడిగితే మాత్రం ఒక్క రోజు గడువు అడిగి, కాగితం లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: మా తమ్ముడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. కలెక్టర్ గారు ఐదు లక్షల చెక్కు ఇస్తామంటున్నారు. తీసుకుంటే కేసు వదులుకున్నట్టేనా?

జవాబు: కాదు. తీసుకోండి. 1993లో ఒడిశా తల్లి నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు, కస్టడీ మరణానికి ప్రభుత్వం పరిహారం ఇవ్వడం ఆమె రాజ్యాంగ హక్కు నుంచి వచ్చిందని చెప్పింది. నేరం చేసినవాళ్ల మీద కేసు వేరుగా నడుస్తుంది. చెక్కుతో పాటు "ఇక ఎలాంటి ఫిర్యాదూ లేదు" అని రాసి ఉన్న కాగితం ఇస్తే దాని మీద సంతకం పెట్టకండి, చెక్కు అందినట్టు మాత్రమే రాసి ఇవ్వండి.

ఇంకా అంత్యక్రియలు కాకపోతే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఇది చేయండి. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక జిల్లా ఆసుపత్రి మార్చురీ బయట ఒక తల్లితో పాటు రాత్రంతా కూర్చున్నాను. తెల్లారి మాకు శవం ఇచ్చారు, ఇంటికి కూడా తీసుకెళ్లనివ్వకుండా పోలీసు వ్యాన్ల మధ్య గంటలో దహనం చేయించారు. మళ్లీ పోస్ట్‌మార్టం అడగడానికి ఏమీ మిగల్లేదు, ఆ కేసు అక్కడే ఆగిపోయింది. కస్టడీ మరణానికి మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి, పోస్ట్‌మార్టం వీడియో కాపీ అడగండి, అనుమానం ఉంటే రెండో పోస్ట్‌మార్టం కోసం హైకోర్టుకు వెళ్లేదాకా శవాన్ని మార్చురీలోనే ఉంచమని లిఖితపూర్వకంగా ఇవ్వండి. దహనం కాకుండా ఖననం చేయడానికి మీ ఇంటి ఆచారం ఒప్పుకుంటే, ఈసారికి ఖననమే చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకున్నారా? అందులో నిందితుడి కాలమ్‌లో ఎవరి పేరు ఉందో నాకు వాట్సాప్ చేయండి.